గ్రాండ్ క్యానియన్ దగ్గర కార్చిచ్చు: ట్రిప్ క్యాన్సిల్ చేయాలా, మార్చుకోవాలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. ఈ 2025 ఆగస్టు రెండో వారంలో డాలస్ నుంచి వెగాస్‌కి ఫ్లైట్, అక్కడ కారు అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్ పార్కులు, గ్రాండ్ క్యానియన్ నార్త్ రిమ్‌లో (లోయ ఉత్తరపు గట్టు) ఒక రాత్రి, పేజ్ ఊరు, సౌత్ రిమ్ (దక్షిణపు గట్టు), మళ్ళీ వెగాస్. మొత్తం ఏడు రోజులు. గుంటూరు నుంచి అమ్మానాన్న మొదటిసారి వచ్చారు, నాన్నగారికి ఆస్తమా. నార్త్ రిమ్ తగలబడుతోందని టీవీలో చూసి అమ్మగారు "మనకెందుకురా ఈ కొండలు, ఇంట్లో ఉందాం" అంటున్నారు. మీరేమో కట్టేసిన బుకింగ్ డబ్బుల గురించి ఆలోచిస్తున్నారు.

నేను ఫీనిక్స్‌లో పదిహేడేళ్ళుగా ఉంటున్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా మా ఇంట్లో మొదటి ట్రిప్ ఇదే కాబట్టి ఈ దారి మీద తిరిగినంత నేను హైదరాబాద్‌లో కూడా తిరగలేదు. నా మాట: ట్రిప్ క్యాన్సిల్ చేయకండి, కానీ ఇప్పుడున్న ప్లాన్‌తో మాత్రం బయల్దేరకండి.

నార్త్ రిమ్ సంగతి మీ చేతిలో లేదు. 2025 సీజన్ మొత్తానికి దాన్ని మూసేశారు. జులై 4న పిడుగు పడి మొదలైన డ్రాగన్ బ్రావో మంట మొదటి వారం చిన్నగానే ఉంది. అడవిలో పిడుగు మంటే కదా, అదుపులో పెట్టి కాలనిద్దాం అన్న పద్ధతిలో నడిపారు. తర్వాత గాలి లేచింది. జులై 12 రాత్రికి 1937 నాటి గ్రాండ్ క్యానియన్ లాడ్జ్, దానితో పాటు పదుల కొద్దీ కట్టడాలు పోయాయి. (1928లో కట్టిన అసలు లాడ్జ్ కూడా 1932లో వంటగదిలో మొదలైన మంటకే పోయింది. ఇప్పుడు పోయింది దాని స్థానంలో కట్టినది.) ఆగస్టు మొదట్లోనే కాలిన నేల లక్ష ఎకరాలు దాటింది. అక్కడ మీరు బుక్ చేసిన రాత్రి డబ్బులు మీకు వెనక్కి రావాలి. రాకపోతే ఫోన్ చేసి అడగండి, ఈమెయిల్ కోసం ఎదురు చూడకండి.

అసలు విషయం ఇక్కడే ఉంది. లాడ్జ్ కాలిన రాత్రికి అక్కడ అతిథులెవరూ లేరు. పక్కనే జేకబ్ లేక్ వైపు వైట్ సేజ్ అనే ఇంకో మంట అంటుకోవడంతో అంతకు ముందే అందర్నీ పంపించేశారు. ఎందుకంత తొందర? నార్త్ రిమ్‌కి ఉన్నది ఒకే ఒక రోడ్డు. జేకబ్ లేక్ నుంచి 67వ నంబర్ రోడ్డు నలభై మైళ్ళకు పైగా అడవిలోంచి వెళ్ళి రిమ్ దగ్గర ఆగిపోతుంది. ఆ రోడ్డుకి అడ్డంగా మంట వస్తే ఇటు అడవి, అటు మైలు లోతు లోయ. కాబట్టి మంట ఎన్ని ఎకరాలు అన్నది మీరు చూడాల్సిన లెక్కల్లో చివరిది. "నేను ఈ రాత్రి పడుకునే చోటు నుంచి బయటికి ఎన్ని రోడ్లున్నాయి?" అన్నది మొదటిది.

మీ మిగతా మజిలీలను ఆ లెక్కలో చూడండి. జయాన్ దగ్గర స్ప్రింగ్‌డేల్‌లో ఉంటే పడమరకి 9వ నంబర్ రోడ్డు మీద హరికేన్ అనే ఊరి వైపు వెళ్ళొచ్చు, తూర్పుకి పార్కులోంచి, ఆ 1.1 మైళ్ళ పాత సొరంగం గుండా మౌంట్ కార్మెల్ వైపు వెళ్ళొచ్చు. రెండు దారులు. బ్రైస్ పార్కులోకి ఒకే రోడ్డు, కానీ కాస్త బయటికొస్తే 12వ నంబర్ రోడ్డు అటూ ఇటూ ఉంది. యూటాలోని కనాబ్ ఊరైతే మరీ హాయి: ఉత్తరానికి, తూర్పుకి, దక్షిణానికి రోడ్లు, కొంచెం కిందికి దిగితే ఫ్రెడోనియా నుంచి పడమరకి కూడా. సౌత్ రిమ్ నుంచి దక్షిణంగా విలియమ్స్‌కి ఒక దారి, తూర్పుగా డెజర్ట్ వ్యూ మీదుగా క్యామరాన్‌కి ఇంకో దారి.

అందుకని నార్త్ రిమ్‌కి పెట్టుకున్న రాత్రిని కనాబ్‌కి మార్చండి. ఊరు చిన్నదే కానీ పెట్రోల్ బంకులు, కిరాణా షాపులు, హాస్పిటల్ అన్నీ ఉన్నాయి. అక్కడి నుంచి పేజ్ గంటన్నర లోపే. పేజ్ నుంచి సౌత్ రిమ్‌కి 89వ నంబర్ రోడ్డు మీద దక్షిణంగా క్యామరాన్ దాకా వచ్చి పడమరకి తిరగాలి, అది మొత్తం ఎడారి, చెట్లే తక్కువ. నార్త్ రిమ్ అడవితో మీకు పనే పడదు. అంటే మీ ట్రిప్‌లో పోయేది ఒక రాత్రి మాత్రమే.

ఇక పొగ. మీ నాన్నగారి విషయంలో నిజమైన భయం ఇదే.

లోయల్లో పొగకి ఒక దినచర్య ఉంటుంది. రాత్రి నేల చల్లబడి, బరువెక్కిన గాలి నీళ్ళలాగా పల్లానికి జారుతుంది, పొగని కూడా లోయలోకి లాక్కుపోతుంది. తెల్లవారేసరికి క్యానియన్ కడుపునిండా పొగ ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక గాలి పైకి లేస్తుంది, పొగ కూడా కదులుతుంది. వేసవిలో ఇక్కడ సాధారణంగా నైరుతి గాలి వీస్తుంది కాబట్టి నార్త్ రిమ్ పొగ పగటిపూట ఈశాన్యానికి, అంటే పేజ్, లేక్ పవెల్ వైపు పోతుంది. అందుకని సౌత్ రిమ్‌లో సూర్యోదయం చూడాలన్న మీ ప్లాన్ ఈసారి పనికిరాకపోవచ్చు. పదకొండు దాటాక వెళ్ళండి, పొద్దున లోయలో కనిపించని గుట్టలు అప్పుడు ఒక్కొక్కటే బయటపడతాయి. ఉరుములతో వాన మబ్బు వస్తే మాత్రం ఈ లెక్కలన్నీ తారుమారు. ఆ మబ్బు కింద నుంచి వచ్చే గాలి ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు.

నార్త్ రిమ్‌లో నీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్ దగ్గర మంట వల్ల క్లోరిన్ లీకైనప్పుడు, కింద లోయలో ట్రెక్కింగ్‌లో ఉన్నవాళ్ళని ఖాళీ చేయించారు. క్లోరిన్ గాలి కన్నా బరువు, కిందికే దిగుతుంది. లోయ అంటే అదే, పైన ఏం జరిగినా చివరికి కిందికి చేరుతుంది. నాన్నగారితో లోపలికి దిగే ట్రైల్స్ ఏవీ పెట్టుకోకండి, రిమ్ మీదే ఉండండి.

పొగ ఎంతుందో కంటితో చూసి చెప్పొద్దు. అమెరికా ప్రభుత్వ ఎయిర్‌నౌ వాళ్ళ ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్ ఫోన్లో పెట్టుకోండి. అందులో పీఎం 2.5, అంటే గాలిలోని సన్నటి రేణువుల్ని చూపించే సెన్సర్లు ఊరూరా ఉంటాయి. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) 100 లోపు ఉంటే మీ ప్లాన్ ప్రకారం తిరగండి. 101 నుంచి 150 మధ్య ఉంటే మీకూ నాకూ ఫర్వాలేదు కానీ నాన్నగారిని కారు దిగి పది నిమిషాలు చూసి ఎక్కేయమనండి. 150 దాటితే ఆ రోజు ఆ ఊళ్ళో ఉండకండి, రెండు గంటలు డ్రైవ్ చేసైనా మంచి గాలి ఉన్నచోటికి వెళ్ళండి. నాన్నగారు "ఢిల్లీలో ఇంతకంటే ఎక్కువ పొగ చూశాను" అంటారు, మా మామగారు అదే అన్నారు. ఢిల్లీ మైదానం, బ్రైస్ అంచు ఎనిమిది వేల అడుగుల పైన. ఆస్తమా ఉన్నవాళ్ళకి అంత ఎత్తులో మామూలు గాలే ఆయాసం తెప్పిస్తుంది, పొగ ఆ పైన.

మాస్కు అంటే ఎన్95. నీలం రంగు సర్జికల్ మాస్కు ఈ సన్నటి రేణువుల్ని ఆపదు. ఎన్95 గడ్డం ఉన్నవాళ్ళకి సరిగ్గా అతుక్కోదు, నాన్నగారికి గడ్డం ఉంటే తీసేయమని అడగండి, ఒప్పుకుంటే అదృష్టం. కారులో ఏసీ రీసర్క్యులేషన్ బటన్ ఆన్‌లో పెట్టండి, కిటికీలు ఎత్తేయండి. ఎక్కువసేపు అలాగే నడిపితే లోపల గాలి బరువెక్కి డ్రైవర్‌కి నిద్ర ముంచుకొస్తుంది, కాబట్టి పొగ తక్కువున్న చోట రెండు నిమిషాలు బయటి గాలి రానివ్వండి. ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, నాన్నగారి చొక్కా జేబులో ఉండాలి. అది డిక్కీలో కూడా వద్దు, అరిజోనా ఎండకి డిక్కీ పొయ్యిలా కాలుతుంది.

ఇంత నమ్మకంగా చెప్తున్నానంటే ఒకసారి చెంపదెబ్బ తిన్నాను కాబట్టి. 2017 జూన్‌లో వెగాస్ వైపు నుంచి బ్రైస్‌కి వెళ్తున్నాం. మా ఆయన డ్రైవింగ్, నేను పక్క సీట్లో, వెనక మా అత్తగారు, అయిదేళ్ళ పెద్దవాడు. యూటాలో పారోవాన్ నుంచి 143వ నంబర్ కొండ రోడ్డెక్కి పాంగ్విచ్ దిగాలని ప్లాన్. ఆ కొండ మీద బ్రయన్ హెడ్ మంట నడుస్తోంది. అది పిడుగు వల్ల కాదు, ఒకాయన కలుపు మొక్కల్ని టార్చితో కాలుస్తుంటే మొదలైంది. చివరికి డెబ్బై వేల ఎకరాలు దాటింది.

పారోవాన్‌లో రోడ్డు మూసి ఉంది. అప్పుడు చేయాల్సింది తేలికైన పని: ఫ్రీవే ఎక్కి ఉత్తరంగా పోయి, 20వ నంబర్ రోడ్డు మీద అటువైపుకి దాటడం. కానీ నా ఫోన్లో మ్యాప్ ఇంకో సన్నగీత చూపించింది, ముప్పావు గంట తక్కువ. కొండమీద కేబిన్‌కి ముందే డబ్బు కట్టాం, రీఫండ్ లేదు, "ఈ దారిలో వెళ్తే అందుతుందేమో" అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఇప్పటికీ మా ఆయన గుర్తు చేస్తారు.

తారు రోడ్డు అయిపోయి మట్టిరోడ్డు మొదలైంది. సిగ్నల్ పోయింది. ట్యాంకులో పావు వంతు పెట్రోల్. సూర్యుడు తగ్గి తగ్గి రాగి చెంబు అడుగులా అయిపోయాడు, కళ్ళు చికిలించకుండానే చూడొచ్చు. కారు అద్దం మీద ఏదో తెల్లగా పడుతోంది, మా వాడు "అమ్మా, మంచు!" అన్నాడు. బూడిద అది. మా ఆయన అలవాటుగా వైపర్ వేశారు, నీళ్ళు లేకుండా. అద్దమంతా బూడిదరంగు పిండి పూసినట్టయింది, ముందు ఏమీ కనపడదు. అత్తగారు వెనక సీట్లోంచి మెల్లగా "వరి దుబ్బులు కాల్చిన వాసనలాగుందే" అన్నారు. ఇంట్లో మాట్లాడుకునే గొంతుతోనే అన్నారు, దానికే నాకు ఒళ్ళు జలదరించింది.

ఎదురుగా ఒక పికప్ ట్రక్కు వచ్చింది. అందులో పెద్దాయన కిటికీ దించి మా కారుని, వెనక పిల్లాడిని చూసి, "ముందుకి పోతే ఈ రోడ్డు మీద కారు వెనక్కి తిప్పే చోటు కూడా ఉండదు" అని, మా వెనకే వచ్చి తారు రోడ్డు దాకా దిగబెట్టి వెళ్ళాడు. పేరు కూడా అడగలేదు మేము. పాంగ్విచ్ చేరేసరికి చీకటి పడింది. కేబిన్ డబ్బు రాలేదు. మూడు వందల డాలర్ల కోసం ఆ మట్టిరోడ్డు ఎక్కాం అని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కాబట్టి మీ బుకింగులన్నీ, ఇరవై ముప్పై డాలర్లు ఎక్కువైనా, ముందు రోజు దాకా ఉచితంగా రద్దు చేసుకునే వాటికి మార్చుకోండి. ఇది డబ్బు ఆదా కోసం కాదు. రద్దు చేసుకోలేని గది ఉంటే మీ బుర్ర మంటకి అనుకూలంగా వాదించడం మొదలుపెడుతుంది. మ్యాప్ యాప్ చూపించే అడవి దారులు, షార్ట్‌కట్లు ఏవీ ఎక్కొద్దు. అరిజోనాలో ఏజెడ్ 511, యూటాలో యూడాట్ ట్రాఫిక్ యాప్ రోడ్లు తెరిచున్నాయో మూసున్నాయో చెప్తాయి, అదే చివరి మాట. ఒక్కో మంట వివరాలకి ఇన్సివెబ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ చూడండి. వాచ్ డ్యూటీ యాప్‌లో కొత్త మంటలు, ఖాళీ చేయమన్న ప్రాంతాలు తొందరగా తెలుస్తాయి. కనాబ్ దాటాక సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి మ్యాప్ ఆఫ్‌లైన్లో దించుకోండి, ఒక కాగితం మ్యాప్ కూడా కొనుక్కోండి. నాన్నగారికి ఆ కాగితం మ్యాప్ ఇచ్చి ఇప్పుడెక్కడున్నామో పెన్సిల్‌తో గీయమనండి. మా మామగారికి ఆ పని ఇచ్చాక ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా "ఇంకెంత దూరం" అనలేదు.

ట్యాంకు సగానికి వస్తే నింపేయడమే.

వార్తల్లో "ఇంత శాతం కంటైన్‌మెంట్" అంటారు చూడండి, దాన్ని చాలామంది అంత శాతం మంట ఆరిపోయిందనుకుంటారు. కాదు. మంట చుట్టూ ఉన్న సరిహద్దులో ఎంత మేర ఇక దాటదని సిబ్బందికి నమ్మకం కుదిరిందో ఆ లెక్క అది. అరవై శాతం అన్నప్పుడు కూడా లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది, మిగతా నలభై శాతం వైపు గాలి లేస్తే మళ్ళీ పరుగెడుతుంది. అందుకే వాతావరణ శాఖ "రెడ్ ఫ్లాగ్ వార్నింగ్" ఇచ్చిన రోజు, అంటే గాలి జోరు, పొడి కలిసొచ్చిన రోజు, అడవి మధ్య రోడ్లు మానేయండి. అరిజోనా, యూటాల్లో ఖాళీ చేయించడానికి మూడు మెట్లు: రెడీ, సెట్, గో. టూరిస్టులు "సెట్" దగ్గరే బయల్దేరిపోవాలి. "గో" ఆ ఊరి వాళ్ళకి, వాళ్ళకి సర్దుకోవాల్సిన ఇల్లు ఉంటుంది, మీకు రెండు సూట్‌కేసులే.

ఆగస్టు కాబట్టి వాన గురించి కూడా చెప్పాలి. అమ్మగారు "వాన పడితే మంటలు ఆరిపోతాయి కదా" అంటారు, కొంత నిజమే. కానీ కాలిన నేల నీళ్ళు పీల్చుకోదు, పైపొర మైనం పూసినట్టు అయిపోతుంది, అరగంట వానకి బురద, దుంగలు, రాళ్ళు కలిసి రోడ్ల మీదికి వస్తాయి. ఫ్లాగ్‌స్టాఫ్‌లో 2019లో కాలిన కొండ నుంచి రెండేళ్ళ తర్వాత 2021లో వీధుల్లోకి వరద వచ్చింది. పేజ్‌లో యాంటిలోప్ క్యానియన్ టూర్ ఉంది కదా మీకు, ఆ సన్నటి లోయలో 1997 ఆగస్టు 12న 11 మంది టూరిస్టులు కొట్టుకుపోయారు, వాన పడింది అక్కడ కాదు, ఎగువన మైళ్ళ దూరంలో. ఇప్పుడు గైడ్ లేకుండా లోపలికి పోనివ్వరు, గైడ్ రద్దు చేశాడంటే వాదించకండి. ఇంకో సంగతి: పేజ్ టైం యూటా టైం కన్నా ఆ నెలల్లో ఒక గంట వెనక. కనాబ్ నుంచి వచ్చేటప్పుడు ఫోన్ గడియారం రెండు మూడుసార్లు మారుతుంది, టూర్ టైం అరిజోనా లెక్కే.

దారిలో మన వల్ల నిప్పు పుట్టకూడదు కదా. ఉప్మా కోసం గ్యాస్ స్టవ్ తెచ్చుకుంటాం అన్నారు. నిప్పు మీద ఆంక్షలు రెండో దశలో (స్టేజ్ 2) ఉంటే కట్టెల మంట, బొగ్గు పూర్తిగా నిషేధం. ఆపే నాబ్ ఉన్న గ్యాస్ స్టవ్‌కి సాధారణంగా అనుమతి ఉంటుంది, అయినా ఆ ఊరి నిబంధన చూసుకోండి. నన్నడిగితే ఈసారి పులిహోర, దద్దోజనంతో సరిపెట్టుకోండి. ఫొటో కోసం ఎండుగడ్డి మీద కారు ఆపకండి, కింద ఎగ్జాస్ట్ వేడికి గడ్డి అంటుకుంటుంది. టైరు పంక్చరైతే చక్రం ఇనుప చట్రం మీద ఈడ్చుకుంటూ పోకండి. 2018లో కాలిఫోర్నియాలో రెడింగ్ ఊరి అంచుల్ని కాల్చిన కార్ (Carr) అనే కార్చిచ్చు మొదలైంది ఒక ట్రైలర్ టైరు పేలి చక్రం చట్రం రోడ్డుకి రాసుకుని లేచిన నిప్పురవ్వలతోనే. డ్రోన్ ఉంటే ఇంట్లో వదిలేయండి, నేషనల్ పార్కుల్లో ఎలాగూ నిషేధం, మంట దగ్గర ఎగిరితే నీళ్ళు పోసే విమానాలు దిగిపోవాల్సి వస్తుంది.

దట్టమైన పొగలో పడితే లైట్లు లో బీమ్‌లో వేసుకుని నెమ్మదిగా వెళ్ళండి, హై బీమ్ పొగకి తగిలి మీ కళ్ళలోకే తిరిగొస్తుంది. రోడ్డు మధ్యలో ఆగొద్దు, వెనక ఫైర్ ట్రక్కు ఉండొచ్చు. జింకలు పొగకి భయపడి రోడ్డెక్కుతాయి, చూసుకోండి. అద్దం మీద బూడిద పడితే ముందు నీళ్ళు, తర్వాత వైపర్.

అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: మంట మనం వెళ్ళే రోడ్డు మీద లేదు, పొగ ఎక్కువుంటే ఆ రోజు వేరే ఊరికి పోతాం, ఎక్కడా ఒకే దారి ఉన్న చోట పడుకోం. ఇంకా ఒద్దంటే, సరే, ఆవిడ మాటే వినండి, వచ్చే ఏడాది తీసుకెళ్ళండి. బలవంతంగా కారెక్కించిన అమ్మ ఏడు రోజులూ వెనక సీట్లో దండకం చదువుతూ కూర్చుంటే మీరు ఏ లోయా చూడలేరు. వెళ్తే మాత్రం కనాబ్, పాంగ్విచ్‌లలో బయట భోంచేయండి, ఆ ఊళ్ళు వేసవి టూరిస్టుల మీదే బతుకుతాయి, వార్తలు చూసి జనం మానేస్తే ముందు దెబ్బ తినేది వాళ్ళే.

డెజర్ట్ వ్యూ దగ్గర ఆర్కిటెక్ట్ మేరీ కోల్టర్ 1932లో కట్టించిన రాతి బురుజు ఉంది. సాయంత్రం అక్కడి నుంచి లోయకి అవతలి గట్టు చూడండి. మంట ఇంకా నడుస్తుంటే వాయవ్యం వైపు పొగ స్తంభం కనిపిస్తుంది, కొన్ని రోజులు అది పైన కాలీఫ్లవర్‌లా విచ్చుకుని మబ్బుగా మారుతోంది. నేరుగా పక్షి ఎగిరితే గట్టు నుంచి గట్టుకి పది మైళ్ళే, కారులో రెండు వందల మైళ్ళకి పైగా. నాన్నగారికి ఆ పది మైళ్ళ సంగతి రాత్రి హోటల్‌కి వచ్చాక చెప్పండి, అక్కడ నిలబడి ఉన్నప్పుడు కాదు.

బయల్దేరే ముందు రోజు కనాబ్, పేజ్, సౌత్ రిమ్ మూడు చోట్ల ఏక్యూఐ ఎంతుందో ఇక్కడ పెట్టండి, ఏ రోజు ఎటు వెళ్ళాలో కూర్చుని చూద్దాం.